పాత జెట్టీ మీద పార్కు: మా బరువుల పుస్తకం

వారం 1

గేటు తాళం తుప్పు పట్టి రాలేదు, కోసి లోపలికి వెళ్లాం. పదేళ్లకు పైగా ఓడ ఆనని జెట్టీ ఇది. పొడవు 140 మీటర్లు, వెడల్పు 22. ఒడ్డు వైపు 60 మీటర్లు చెక్క పైల్స్ మీద, అంటే సముద్రం అడుగు నేలలోకి దించిన నిలువు స్తంభాల మీద ఉంది. ఆ తర్వాత పొడిగించిన 80 మీటర్లు కాంక్రీటు పైల్స్ మీద. చెక్కవి 168, కాంక్రీటువి 80. పైన రేకుల కప్పు వేసిన గోడౌను, దాన్ని ఆనుకుని క్రేను పట్టాలు, రెండంచుల వెంబడి ఓడల తాళ్లు కట్టే బొల్లార్డులు.

డిజైనరు చేతిలో అప్పటికే ఒక బొమ్మ ఉంది. పచ్చిక, చెట్ల తోపు, పిల్లలు ఆడుకునే చోటు, చివరన సముద్రం చూస్తూ కూర్చునే మెట్లు. చాలా అందంగా ఉంది, నాకూ నచ్చింది. కానీ ఆ బొమ్మలో నీటి పైభాగమే ఉంది. ఈ జెట్టీ ఏం మోయగలదో చెప్పాల్సింది నీటి అడుగున ఉన్న 248 కాళ్లు.

అందుకే మొదటి రోజే ఒక పొడవాటి రిజిస్టరు కొన్నాను. ఎడమ పేజీ జమ, కుడి పేజీ ఖర్చు. జెట్టీ మీంచి తీసేసే ప్రతి బరువూ జమ, కొత్తగా పెట్టే ప్రతి బరువూ ఖర్చు. మట్టి, నీరు, బెంచీ, మనిషి, మొక్క, అన్నీ టన్నుల్లోనే రాయాలి. ఈ పుస్తకంలోకి ఎక్కకుండా ఏ వస్తువూ జెట్టీ ఎక్కకూడదని అందరం ఒప్పుకున్నాం.

పాత డ్రాయింగులో స్లాబు మీద చదరపు మీటరుకు 2 టన్నులని ఉంది. అది చూసి డిజైనరు సంబరపడ్డారు. "పార్కుకు ఇంత అక్కర్లేదు కదా!" అన్నారు. మనుషులు కిక్కిరిసి నిలబడినా లెక్కకు చదరపు మీటరుకు అర టన్నే తీసుకుంటాం, నిజమే. కానీ సరుకు వచ్చి పోయేది. ఓడ వచ్చిన రోజు బస్తాలు పేర్చేవారు, నాలుగో రోజుకు ఖాళీ. మట్టి అలా కాదు, ఒకసారి పోస్తే రాత్రీ పగలూ అక్కడే కూర్చుంటుంది. మామూలు మట్టి తడిస్తే ఘనపు మీటరు దగ్గర దగ్గర 2 టన్నులు తూగుతుంది. అంటే మీటరు లోతు మట్టి పోస్తే పాత డ్రాయింగు ఇచ్చిందంతా అక్కడికే చెల్లు. ఒక్క మనిషి ఎక్కడానికి కూడా మిగలదు. పైగా ఆ 2 టన్నులు ఈ పైల్స్ కొత్తగా ఉన్నప్పుడు రాసిన లెక్క.

వారం 3

డైవర్లు దిగారు. ఇద్దరు నీళ్లలో, ఒకరు పడవలో, నేను పైన రిజిస్టరుతో. ఆటు వేళ నాలుగు గంటలే పని. ఆ తర్వాత పోటు ఎక్కి దూలాల కింద తల పెట్టే చోటుండదు.

చెక్క పైలును పరీక్షించే పద్ధతి వింటే చాలా సాదాగా అనిపిస్తుంది. ముందు గోకుడు పారతో పైలు చుట్టూ మూడు చోట్ల అడుగు వెడల్పున గుల్లలు, నాచు గీకేస్తారు. సన్నటి ఇనుప సూదితో పొడుస్తారు. తర్వాత సుత్తితో కొడతారు. గట్టి చెక్క ఠంగుమని తిరిగి కొడుతుంది, బోలుగా ఉంటే దబ్‌మని మింగేస్తుంది. అనుమానం ఉన్న చోట పెన్సిలంత సన్నటి బరమాతో తొలిచి లోపలి చెక్క బయటికి తీస్తారు. ఆ కంతలో మందు పట్టించిన చెక్క బిరడా దిగ్గొట్టడం మరిచిపోకూడదు. లేకపోతే పురుగుకు మనమే తలుపు తీసినట్టు.

7వ వరుస, 5వ పైలు. బయటినుంచి చూస్తే దీనికంటే గట్టిది లేదు. చుట్టుకొలత తగ్గలేదు, సూది దిగలేదు. సుత్తి వేస్తే మాత్రం దబ్‌మంది. తీసిన నమూనాను డైవరు పడవలోకి అందించాడు, దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాను. పైన వేలు మందాన మంచి చెక్క. దాని లోపల చిటికెన వేలు దూరేంత సొరంగాలు, ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా ఒకదాన్నొకటి తాకకుండా. ప్రతి సొరంగం గోడకూ తెల్లటి సున్నపు పూత, చేత్తో నున్నగా మెత్తినట్టుంది. అచ్చం మేడిపండు.

ఇది ఓడపురుగు, టెరెడో. పేరుకు పురుగే గానీ నిజానికి ఆల్చిప్పల జాతి. రెండు చిన్న చిప్పలు తల దగ్గర రంపంలా పనిచేస్తాయి. పిల్లగా ఉన్నప్పుడు గుండుసూది తలంత కంత చేసుకుని చెక్కలోకి దూరుతుంది, ఇక బయటికి రాదు. లోపలే పెరుగుతూ లోపలే తొలుస్తుంది. అందుకే బయటికి ఏమీ తెలియదు. దీనితో పాటు గ్రిబుల్ అనే చిన్న పురుగు కూడా ఉంది. రొయ్యలకు చుట్టం, పైపైన కొరుకుతుంది. అది పట్టిన పైలు నీటి మట్టం దగ్గర సన్నబడి డమరుకంలా అవుతుంది, చూడగానే దొరికిపోతుంది. నాకు భయం మొదటిదంటేనే.

వారాంతానికి తేలిన లెక్క: 168 చెక్క పైల్స్‌లో బాగున్నవి 97, సగం దెబ్బతిన్నవి 44, పనికిరానివి 27.

వారం 4

వాన, అలలు. డైవింగు లేదు. కూర్చుని చదువుకున్నాను.

ఈ పురుగు చరిత్ర చిన్నది కాదు. 1730ల్లో నెదర్లాండ్స్ సముద్రపు కట్టల ముందు పాతిన దుంగలన్నీ ఇదే తినేస్తే, వాళ్లు కట్టల తీరే మార్చి రాళ్లు పరుచుకోవాల్సి వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో 1919 నుంచి రెండేళ్ల పాటు రేవులు వరసగా కూలిపోయాయి, కారణం ఇదే.

నన్ను ఎక్కువసేపు ఆపింది న్యూయార్క్ సంగతి. అక్కడి రేవు నీళ్లు దశాబ్దాల పాటు మురికితో ప్రాణవాయువు లేక చచ్చిపోయి ఉన్నాయి. ఆ మురికిలో ఓడపురుగు కూడా బతకలేదు, చెక్క పైల్స్ చెక్కుచెదరలేదు. 1972 నాటి నీటి చట్టం తర్వాత నీళ్లు శుభ్రపడ్డాయి. చేపలు తిరిగొచ్చాయి, వాటితో పాటు పురుగూ తిరిగొచ్చింది. బ్రూక్లిన్ బ్రిడ్జ్ పార్కు వాళ్లకు వేలాది చెక్క పైల్స్ ఉన్నాయి, వాటికి తొడుగులు వేసే పని పార్కు నిర్వహణలో పెద్ద పద్దు. నీళ్లు బాగుపడటం చూసి మనసు నిండుతుంది. దాని ఖర్చు పైల్స్ మీద పడుతుందని కూడా ముందే తెలుసుకుని ఉండాలి. మా నీళ్లు కూడా ఏటికేడూ తేటబడుతున్నాయి. అందుకే బాగున్న 97 పైల్స్‌ను కూడా వదలకూడదని అనుకుంటున్నాను. వాటికి గట్టి ప్లాస్టిక్ పట్టా బిగుతుగా చుట్టేస్తే లోపలికి కొత్త నీరు అందదు. ఊపిరాడక ఉన్న పురుగు చస్తుంది, కొత్తది దూరలేదు.

వారం 7

కాంక్రీటు భాగం. ఇక్కడ పురుగు లేదు, ఉప్పు ఉంది.

ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండే భాగం దాదాపు కొత్తగా ఉంది. దెబ్బంతా ఆటు పోటుల మధ్య తడిసి ఆరే చోట, కెరటం చిమ్మే చోట. అక్కడ ఉప్పు పేరుకుంటుంది, గాలి అందుతుంది, తడి ఉంటుంది. తుప్పుకు ఇంకేం కావాలి? ఇనుము తుప్పయితే దాని ఒళ్లు రెండింతలకు పైగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కాంక్రీటును లోపల్నుంచి పగలగొడుతుంది. 80లో 31 పైల్స్‌కు నిలువు పగుళ్లు, చాలాచోట్ల కడ్డీలు బయటపడ్డాయి.

పెచ్చు ఊడగొట్టిన చోట ఫినాల్ఫ్తలీన్ చల్లాం. కాంక్రీటులో క్షారం నిలిచి ఉంటే గులాబీ రంగు వస్తుంది, పోయి ఉంటే రంగు రాదు. చల్లిన చోటల్లా నిండు గులాబీ. మేస్త్రీ మొహం వెలిగిపోయింది. "బాగుంది కదా మేడమ్, వదిలేద్దామా?" అన్నాడు. వదలడానికి లేదు. గాలి వల్ల క్షారం పోలేదని మాత్రమే ఆ రంగు చెబుతుంది, ఉప్పు సంగతి చెప్పదు. ఉప్పు చేరితే గులాబీ రంగులో ఉన్న కాంక్రీటులో కూడా కడ్డీని తుప్పు తింటూనే ఉంటుంది. అందుకని రెండున్నర సెంటీమీటర్లకొక మెట్టు చొప్పున లోతుగా డ్రిల్లు చేసి, ఏ మెట్టు పొడిని ఆ సంచిలో కట్టి ల్యాబుకు పంపాం.

ఇంకో మాట కూడా మేస్త్రీకి విడమరిచి చెప్పాను, ఎందుకంటే ఇది చాలామంది చేసే పొరపాటు. పగిలిన చోట మాత్రమే చెక్కేసి కొత్త కాంక్రీటుతో పూడిస్తే, రెండు మూడేళ్లకు ఆ అతుకు చుట్టూ ఉన్న పాత కాంక్రీటు పగులుతుంది. కారణం ఏమిటంటే, ఇన్నాళ్లూ ఆ పగిలిన చోట కడ్డీ తుప్పు పడుతూ పక్కనున్న కడ్డీని కాపాడుతూ వచ్చింది. దాన్ని బాగుచేస్తే ఆ కాపుదల పోయి తుప్పు పక్కకు జరుగుతుంది. అందుకే ప్రతి అతుకు అంచునా కడ్డీకి ఒక జింకు ముద్ద కట్టి లోపలే పూడ్చేస్తాం. ఇనుము బదులు జింకు కరిగిపోతుంది.

"అంటే ఇంటికొక పెద్దదిక్కు లాంటిదన్నమాట" అన్నాడు మేస్త్రీ. ఆ మాట తర్వాత అతని మనుషులు ఒక్క ముద్ద కూడా వదలకుండా కడుతున్నారు.

వారం 9

బరువుల పుస్తకంలో ఈ వారం గొడవంతా చెట్ల మీదే.

ల్యాబు ఫలితాలు, డైవర్ల లెక్కలు కలిపితే ఇలా వచ్చింది. చెక్క పైల్స్ భాగంలో మరమ్మతు తర్వాత స్లాబు మీద చదరపు మీటరుకు 1.2 టన్నులు దాటకూడదు. కాంక్రీటు భాగంలో 1.8 దాకా వెళ్లొచ్చు.

పచ్చికకు 30 సెంటీమీటర్ల తేలిక మట్టి చాలు. అది తడిసినప్పుడు ఘనపు మీటరుకు 1.2 టన్నులు, అంటే 0.36. నీరు పోయే పొర, తడి ఆపే పొర కలిపి 0.05. మనుషులు 0.5. మొత్తం 0.91. బాగానే ఇముడుతుంది. చెట్టుకు మీటరు లోతు కావాలి. అదే తేలిక మట్టికి 1.2, పొరలకు 0.05, మనుషులకు 0.5, మొత్తం 1.75. చెట్టు బరువు ఇంకా కలపనే లేదు. చెక్క భాగంలో ఆ మాటే ఎత్తకూడదు. కాంక్రీటు భాగంలో అంచుకు వచ్చి ఆగుతుంది.

అలాగైతే తోపు కాంక్రీటు భాగంలో, జెట్టీ చివరన పెడదామని డిజైనరు అన్నారు. నేనూ సరేనన్నాను.

ఆ సాయంత్రమే ఒక పెద్దాయన గేటు దగ్గరికి వచ్చారు. ఇక్కడ క్రేను నడిపిన మనిషి. "ఏం కడుతున్నారమ్మా?" అని అడిగారు. హెల్మెట్ ఇచ్చి లోపలికి తీసుకొచ్చాను. బొమ్మ చూపించి తోపు చోటు చెప్పగానే తల అడ్డంగా ఊపారు. "అక్కడ చెట్టు నిలవదమ్మా. మధ్యాహ్నం తిరిగాక గాలి ఆ మూలనుంచే కొడుతుంది. ఖాళీ డబ్బాలు కూడా కట్టకుండా పెట్టేవాళ్లం కాదు. బూమ్ ఆ వైపు తిప్పితే క్రేను ఊగేది." ఏ బొల్లార్డుకు ఏ గాలిలో తాడు వేసేవారో ఒక్కొక్కటే చూపించారు. ఒడ్డు వైపు నుంచి ఆరో బొల్లార్డు మెడ దగ్గర ఇనుములో వేలెడు లోతు గాడి ఉంది. ఉక్కు తాడు ఏళ్ల తరబడి అక్కడే ఒరుసుకుని పడిన గాడి. "గాలి జోరుగా ఉన్న రోజు బరువంతా దీని మీదే" అన్నారు. ఆ గాడిలో వేలు పెట్టి చూశాను. మా గాలి కొలతల యంత్రం అప్పటికి మూడు వారాల లెక్కే ఇచ్చింది, ఈ ఇనుము దాచుకున్నది కొన్ని దశాబ్దాల లెక్క.

అంటే బలం ఉన్న చోట ఉప్పుగాలి, నీడపట్టున ఉన్న చోట పుచ్చిన పైల్స్. రాత్రి చాలాసేపు ఈ పేజీ ముందే కూర్చున్నాను.

వారం 10

దారి దొరికింది. పనికిరాని 27 పైల్స్ ఎక్కడెక్కడ ఉన్నాయో మ్యాపు మీద ఎర్ర చుక్కలు పెట్టాను. 15 చుక్కలు మూడు గుంపులుగా దక్షిణం అంచు వైపు ఉన్నాయి. మిగిలిన 12 గోడౌను వెనకాల, గాలి తగలని చోట ఒకే గుంపు. ఆ 12 స్థానాల్లో ఎలాగూ కొత్త ఉక్కు గొట్టపు పైల్స్ దించాలి. దించేటప్పుడు చెట్టును కూడా మోసేంత లావువి దించితే తేడా ఖర్చు కొంచెమే. జెట్టీ మొత్తంలో అన్నిటికంటే చచ్చుబడిన చోటు అన్నిటికంటే గట్టి చోటు అవుతుంది, తోపు అక్కడే వస్తుంది. 9 చెట్లు. డిజైనరు మొదటి బొమ్మలో 40 ఉన్నాయి. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పెన్సిలు తీసుకుని ఆ 9నీ తానే గీశారు.

మరి 15 చుక్కల గుంపుల సంగతి? అక్కడ పైల్స్ మార్చడం లేదు, మోయాల్సిన స్లాబునే కోసేస్తున్నాం. 6 మీటర్లకు 4 మీటర్ల చొప్పున మూడు తెరుపులు. 25 సెంటీమీటర్ల స్లాబు చదరపు మీటరుకు 0.625 టన్నులు, ఒక్కో తెరుపుకు 15 టన్నుల జమ. నాకు ఇంకో ఆశ కూడా ఉంది. జెట్టీ కింద ఎప్పుడూ చీకటే, ఆ చీకట్లో చేపలు పెద్దగా నిలవవు. సియాటెల్‌లో 2017లో పూర్తయిన కొత్త సముద్రపు గోడ దగ్గర, కింద ఈదే సాల్మన్ పిల్లల కోసం కాలిబాటలోనే గాజు దిమ్మలు పొదిగి వెలుతురు దింపారు. మేం ఏకంగా ఆకాశాన్నే దింపుతున్నాం. కింద ఉన్న 15 పాత పైల్స్‌ను పీకం, నీటి మట్టం దగ్గర వదిలేస్తాం. న్యూయార్క్‌లో 2021లో తెరిచిన లిటిల్ ఐలాండ్ దగ్గర కూడా పాత పియర్ 54 చెక్క పైల్స్‌ను నీటి జీవాల కోసం అలాగే ఉంచారు. 1912లో టైటానిక్‌లో బతికి బయటపడినవాళ్లను కార్పేతియా ఓడ దించిన రేవు అది. ఆ పార్కును మాత్రం 280 కొత్త కాంక్రీటు పైల్స్ మీద కొత్తగానే కట్టారు. మాది అంత స్తోమత ఉన్న పని కాదు. ఉన్న కాళ్ల మీదే నిలబడాలి.

వారం 12

చివరన గాలిని ఆపడానికి చెట్లు కుదరవు కాబట్టి చిన్న దిబ్బలు. 1.2 మీటర్ల ఎత్తు. అంతా మట్టితో పోస్తే తూగదు, అందుకే కింద 90 సెంటీమీటర్లు గట్టి థర్మోకోల్ దిమ్మలు, వీటినే జియోఫోమ్ అంటారు. పైన 30 సెంటీమీటర్ల మట్టి. ఈ దిమ్మలు ఘనపు మీటరుకు 20 కిలోలే. మొత్తం దిబ్బ చదరపు మీటరుకు 0.38 టన్నులు. పుస్తకంలో ఇంత చవగ్గా పడిన పద్దు ఇంకోటి లేదు.

అందుకే అనుమానం వచ్చింది. తేలికైనది నీళ్లలో తేలుతుంది. తుఫాను ఉప్పెన వచ్చి స్లాబు మీద 30 సెంటీమీటర్ల నీరు నిలిస్తే పైకి లేపే బలం చదరపు మీటరుకు 0.3 టన్నులు. దిబ్బ బరువు 0.38 కదా, పర్వాలేదనిపిస్తుంది. కానీ 0.38 తడిసిన మట్టి లెక్క. ఎండిన మట్టి ఘనపు మీటరుకు 0.8 టన్నులే, అప్పుడు దిబ్బంతా కలిపి 0.26. ఎండాకాలం చివర్లో ఉప్పెన వస్తే దిబ్బ లేచి పోతుంది! పైల్ కోసం లెక్క వేసేటప్పుడు మట్టిని తడిపి తూచాలి, తేలడం కోసం వేసేటప్పుడు ఎండబెట్టి తూచాలి. ఒకే వస్తువుకు పుస్తకంలో రెండు బరువులు. మొత్తం రిజిస్టరు వెనక్కి తిప్పి ప్రతి పద్దు పక్కనా రెండో గడి గీశాను. దిబ్బలకు స్లాబులో లంగర్లు వేసి ఉక్కు పట్టీలతో బిగిస్తున్నాం. పైన పెట్రోలు ఒలికినా దిమ్మ కరగకుండా మందపాటి షీటు కప్పుతున్నాం, ఎందుకంటే పచ్చిక కోసే మిషన్లు ఇక్కడే తిరుగుతాయి.

వారం 15

దెబ్బ తగిలిన వారం.

సగం చెడిన 44 పైల్స్‌కు జాకెట్లు వేస్తున్నాం. 35 సెంటీమీటర్ల పైలు చుట్టూ 50 సెంటీమీటర్ల ఫైబర్ తొడుగు, అడుగున రబ్బరు సీలు. కిందినుంచి గ్రౌటు, అంటే పల్చటి సిమెంటు గార, పంపు చేస్తే అది నీటిని పైకి నెట్టుకుంటూ నిండాలి. పైనుంచి పోస్తే నీళ్లలో సిమెంటు కడుక్కుపోతుంది. 3 మీటర్ల జాకెట్‌లో ఆ సందు లెక్క కడితే 300 లీటర్లు.

4వ వరుస, 2వ పైలుకు 300 పోసింది. పైన గ్రౌటు కనబడలేదు. 340. 380. పంపు ఆపమన్నాను. డైవరు దిగి చూస్తే అడుగు సీలు పక్కనుంచి గ్రౌటు బూడిద మేఘంలా సముద్రంలోకి పోతోంది. సీలు కూర్చునే చోట అరచేతి మేర గుల్లలు మిగిలిపోయాయి, రబ్బరు వాటి మీద ఆనింది. గీకిన తర్వాత చూసుకునే జాబితా రాసింది నేనే. అందులో పైలు మధ్యభాగం ఉంది, సీలు పట్టీ లేదు. ఆ పొరపాటు నాది. సైటులో అందరి ముందూ చెప్పాను.

ఇప్పుడు సీలు కూర్చునే అడుగు మేర డైవరు చేత్తో తడిమి, కెమెరాతో తీసి పైకి చూపించాకే పంపు తిప్పుతాం. లీటర్లు చదివే పని ఒకరికి, పై అంచు చూసే పని ఇంకొకరికి. 315 దాటితే అడగకుండానే ఆపేసే అధికారం పంపు దగ్గర కుర్రాడికే ఇచ్చాం. ఆ తర్వాత మూడు సార్లు ఆపాడు. రెండు సార్లు అతనే కరెక్టు.

వారం 18

గోడౌను ఇటుక గోడలు దించేశాం. ఉక్కు చట్రం, పైకప్పు ఉంచాం. 9 చెట్లు నీడ ఇచ్చేదాకా ఏళ్లు పడుతుంది, ఈ కప్పు ఇవాళే ఇస్తుంది. బ్రూక్లిన్‌లో కూడా పియర్ 2 మీద పాత షెడ్డు చట్రాన్ని ఉంచి కింద ఆట కోర్టులు పెట్టారు.

తీసిన దుంగలు రెండు కుప్పలు. క్రియోసోట్ అనే తారు మందు పట్టించినవి నల్లగా, ఎండకు జిడ్డు కారుతూ ఉంటాయి. వాటిని బెంచీలకు వాడకూడదు, ఒంటికి మంచిది కాదు. పద్ధతి ప్రకారం పారవేయడానికి పంపాం. మందు పట్టించని గోడౌను దూలాలు మాత్రం చిత్రిక పట్టగానే లోపల తేనె రంగు తేలింది. అవి బెంచీలకు.

వారం 22

అంచు. పార్కుకు ప్రాణం ఇక్కడే ఉందని నా నమ్మకం. నీళ్ల మీదికి వచ్చి నీటిని ముట్టుకోలేకపోతే ఒడ్డునే ఇంకో పార్కు కట్టుకోవచ్చు.

రెయిలింగు 1.1 మీటర్లు, కడ్డీల మధ్య సందు 10 సెంటీమీటర్లకు మించకుండా, పసిపిల్లల తల దూరకుండా. చెప్పుకోవాల్సింది ఇంతే. నీటి దాకా దిగే మెట్ల మీద మాత్రం డిజైనరూ నేనూ రెండు రోజులు వాదించుకున్నాం. ఆటు పోటుల మధ్య ఉండే మెట్టు మీద నాచు పడుతుంది, ఎంత గరుకుగా పోసినా పడుతుంది. జారి పడితే కింద పైల్స్, వాటి నిండా కత్తుల్లాంటి గుల్లలు. చివరికి తేలే తెప్ప, దానికి మడత బందుల మీద వాలు వంతెన అని తేల్చాం. చక్రాల కుర్చీ దిగాలంటే వాలు 12కు 1 మించకూడదు. ఇక్కడ ఆటుకూ పోటుకూ తేడా 2.1 మీటర్లు, తెప్ప పోటు వేళ జెట్టీ మట్టానికి వచ్చేలా పెట్టినా వంతెన 25 మీటర్లకు పైనే ఉండాలి. ఈ పొడవు చూసి చాలామంది కుదించమన్నారు. కుదించం. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి కూడా వేళ్లు నీళ్లలో పెట్టాలి.

బొల్లార్డులు 14. ఒకటి పగిలింది, దాన్ని తీశాం. మిగతా 13కు రంగు వేయొద్దని రాసి పెట్టాను. తుప్పు గీకి, మైనపు పూత మాత్రమే. ఆరో దాని గాడి అందరి వేళ్లకూ తగలాలి.

వారం 26

బరువు పరీక్ష. చెక్క భాగంలో జాకెట్లు పూర్తయిన ఒక గడి ఎంచుకున్నాం. ఇసుక బస్తాలు కాదు, నీళ్లు. చుట్టూ గట్టు కట్టి షీటు పరిచి నీళ్లు నింపితే మీటరు లోతు అంటే చదరపు మీటరుకు సరిగ్గా టన్ను, స్కేలుతో చదువుకోవచ్చు. రాబోయే మట్టి, పొరలు 0.41, మనుషుల బరువుకు పావు వంతు కలిపి 0.625. మొత్తానికి 1.04 మీటర్ల నీళ్లు.

నింపడానికే ఆరు గంటలు. కింద పరంజా మీద కుంగుడు కొలిచే డయల్ గేజీలు. ఎండకు స్లాబు దానంతట అదే వంగి లేస్తుంది కాబట్టి చదివేది తెల్లవారకముందే. 24 గంటలు నిలబెట్టాక నడిమిలో కుంగుడు 4.2 మిల్లీమీటర్లు. నీళ్లు వదిలేశాం. ఇంకో 24 గంటలకు కనీసం ముప్పావు వంతు వెనక్కి రావాలి, రాకపోతే లోపల ఏదో శాశ్వతంగా వంగినట్టే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాలుగు గంటలకు టార్చి పట్టుకుని పరంజా ఎక్కాను. మిగిలిన కుంగుడు 0.6. అంటే 86 శాతం తిరిగి లేచింది. మేస్త్రీ పైనుంచి వంగి "ఎంత మేడమ్?" అని అరిచాడు. చెప్పాను. చేతిలో ఉన్న కర్రతో స్లాబు మీద రెండు సార్లు కొట్టాడు, కిందున్న నాకు ఠంగుమని వినిపించింది.

వారం 27

మొదటి మట్టి వచ్చింది, పెద్ద సంచుల్లో. ప్రతి సంచినీ త్రాసు మీద పెట్టాకే ఎక్కించాం. సరఫరాదారు కాగితం మీద తడి బరువు 1.2 ఉంది, మేం తడిపి తూచితే 1.27 వచ్చింది. పచ్చికకు పర్వాలేదు, 0.91 కాస్తా 0.93 అవుతుంది. తోపు దగ్గర మాత్రం లెక్క మళ్లీ వేయాలి. కొత్త ఉక్కు పైల్స్‌కు మిగులు ఉంది, అయినా పుస్తకంలోకి ఎక్కనిదే మొక్క దిగదు.

జాకెట్లు 44లో 38 అయ్యాయి. మొదటి తెరుపు కింద డైవరు నిన్న చేపపిల్లల గుంపు చూశానన్నాడు. కెమెరాలో మసగ్గా వచ్చింది, దాచి పెట్టాను.

రేపు తెల్లవారుజామున 4.40కి ఆటు. 11వ వరుస, 3వ పైలు. సీలు పట్టీ గీకుడుతో మొదలు.